లేని లంకకు ఒక భాష

గోదావరి పాయల మధ్య కోనసీమలో ఎక్కడో ఉన్నట్టు ఊహించుకున్న ఒక లంక కోసం, అక్కడివారు మాత్రమే మాట్లాడే ఒక భాషను కొంతకాలంగా కల్పిస్తున్నాను. ఈ పనికి పూనుకున్నవారిలో చాలామంది ముందుగా వింతైన హల్లులను ఏరి పట్టిక వేసుకుంటారు. అయితే ఏ ధ్వని ఏ చోట రాగలదో, దేని పక్కన ఏది మారుతుందో, ఆ మార్పులు ఏ వరుసలో జరిగాయో తేల్చుకోనంతవరకు ఆ పట్టిక భాషగా వినిపించదు.

పట్టిక గురించి చెప్పవలసింది కొంచెమే. మనుషుల భాషల్లో ధ్వనులు చాలావరకు జట్లుగా ఉంటాయి. మనకు త, ద ఉన్నట్టే ట, డ కూడా ఉన్నాయి. భాషావేత్త మార్క్ ఓక్రాండ్ 1980లలో స్టార్ ట్రెక్ సినిమాల్లోని గ్రహాంతరవాసుల కోసం క్లింగాన్ అనే భాషను రూపొందించినప్పుడు, అది మనుషుల భాషలా ఉండకూడదన్న ఉద్దేశంతోనే త వంటి ధ్వనిని ఉంచి దాని జోడైన ద లేకుండా, డ ఉంచి ట లేకుండా చేశారు, క ను అసలే వదిలేశారు. నా లంకలో ఉండేది మనుషులే కనుక ప, త, ట, క, మ, న, ర, ల, వ, స అనే హల్లులతోను, అ, ఇ, ఉ అనే అచ్చులతోను, వాటి దీర్ఘాలతోను సరిపెట్టుకున్నాను.

అసలు పని ఆ తరువాతిది. ఆ భాష పూర్వరూపంలో ఏటిగట్టును 'పకి' అనీ, అలను 'పక' అనీ, బహువచనానికి 'ల' చేర్చి 'పకిల', 'పకల' అనీ అనేవారనుకుందాం. మొదటి మార్పుగా ఇ ముందున్న క, చ అయింది. కన్నడంలో కివి, కెరె అన్న మాటలకు మనకు చెవి, చెరువు ఉండటం ఇటువంటి మార్పు వల్లనే కనుక ఇందులో నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. రెండవ మార్పుగా పదాంతంలోని హ్రస్వాచ్చులు రాలిపోయాయి. ఫలితంగా గట్టు 'పచ్', గట్లు 'పచిల్', అల 'పక్', అలలు 'పకల్' అయ్యాయి. పట్టికలో లేని చ దానంతట అదే పుట్టింది. ఏకవచనంలో పోయిన అచ్చు బహువచనంలో దాగి ఉండటం వల్ల, నేర్చుకునేవాడికి అర్థం కాని ఒక చిక్కు కూడా వచ్చింది. ఇదే వరుసను తిరగవేస్తే, అచ్చులు ముందే రాలిపోయి గట్టు, అల అనే రెండు మాటలూ 'పక్' అవుతాయి, ఏకవచనంలో చ పుట్టనే పుట్టదు. నాకు ఈ కల్పనలో అన్నిటికంటె ఇష్టమైన భాగం ఇదే.

ఎరువు మాటలు, అంటే ఇతర భాషల నుంచి తెచ్చుకున్న మాటలు, మరొక పరీక్ష. ధవళేశ్వరం ఆనకట్ట 1847–1852 మధ్య కట్టారు. దాని కాలువల మీద వచ్చిన 'లాక్' అన్న ఇంగ్లీషు మాట చివర మనం ఉకారం చేర్చి 'లాకు' అన్నాం. తమిళుల 'అణైక్కట్టు'ను ఇంగ్లీషువారు ద్విత్వాలూ చివరి అచ్చూ తీసేసి 'ఆనికట్' అన్నారు. నా లంకవారు గోదావరి పేరును అచ్చులు రాలకముందే, ఏనాడో తెచ్చుకున్నారు కనుక, వారి పట్టికలో గ, ద, ఓ లేవు కనుక, వారికది 'కూతావర్'. లాకు అచ్చులు రాలిపోవడం ముగిశాక వచ్చిన మాట కనుక 'లాకు'గానే మిగిలింది. మాట ఎప్పుడు వచ్చిందో దాని ఆకారమే చెప్పాలి. తెలుగులోనూ అంతే: చలిలోని చకారం దంత్యం (పళ్ల దగ్గర పలికేది), చరిత్రలోనిది తాలవ్యం (అంగిలి దగ్గర పలికేది), ఎందుకంటే రెండవది సంస్కృతం నుంచి వచ్చింది.

చివరిగా, ఒక ఊరివారందరూ ఒకేలా పలకరు. కాపీ, ఆపీసు అనే పెద్దలున్న ఇంట్లోనే కాఫీ, ఆఫీసు అనే పిల్లలుంటారు. లంకలోని ముసలివారు బస్సును 'పస్సు' అంటారు. పంటు మీద రేవు దాటి అవతలి బడికి పోయే పిల్లలు 'బస్సు' అనే అంటారు. ఆ పిల్లల తరానికి బ ను పట్టికలో చేర్చాలా, లేక అది ఇంకా పరాయి ధ్వనిగానే ఉండాలా అన్నది ప్రస్తుతం నేను తేల్చుకోవలసిన విషయం.