ఒక్కడే ఎంపీ, చేతిలో రూల్స్ పుస్తకం

లోక్‌సభలో బిల్లు మీద చర్చ అయిపోయి, మంత్రి సమాధానం కూడా చెప్పేశాక చాలామంది టీవీ కట్టేస్తారు. నేను సరిగ్గా అప్పుడే కాస్త ముందుకు జరిగి కూర్చుంటాను. క్లాజుల వారీగా, అంటే బిల్లులోని ఒక్కో నిబంధన మీద విడివిడిగా, ఓటింగ్ మొదలవుతుంది, సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి, అందరికీ త్వరగా ముగించేయాలని ఉంటుంది. అప్పుడు అధ్యక్ష స్థానం నుంచి తరచుగా వినిపించే పేరు ఎన్.కె. ప్రేమచంద్రన్. ఆయన కాగితాలు పట్టుకుని లేస్తారు. ఫలానా పేజీలో ఫలానా లైన్లో ఈ మాట తీసేసి ఈ మాట పెట్టండి అంటారు, ఎందుకో రెండు ముక్కల్లో చెప్తారు. మూజువాణి ఓటు, సవరణ వీగిపోతుంది. కూర్చుంటారు. ఇంకో క్లాజు రాగానే మళ్లీ లేస్తారు.

కేరళలోని కొల్లం ఎంపీ ఆయన. పార్టీ ఆర్‌ఎస్‌పీ, అంటే రివల్యూషనరీ సోషలిస్ట్ పార్టీ, 1940లో పుట్టిన వామపక్ష పార్టీ. 543 మంది ఉండే సభలో 2014 నుంచి ఆ పార్టీకి ఉన్నది ఈయన ఒక్కరే.

ఒక్కరే అంటే ఎలా ఉంటుందో చెప్తాను. చర్చలో ఏ పార్టీకి ఎంత టైమ్ అన్నది సభ్యుల సంఖ్యను బట్టి పంచుతారు. పెద్ద పార్టీలకు గంటలు వస్తే, ఒకరిద్దరు ఉన్న పార్టీలన్నింటినీ 'ఇతరులు' అని ఒక గంపలో వేసి తలా రెండు మూడు నిమిషాలు ఇస్తారు, అదీ చర్చ చివర్లో. వాక్యం పూర్తయ్యేలోపే గంట మోగుతుంది. ఆ రెండు నిమిషాల్లో సొంత జిల్లా రైలు గురించి మాట్లాడాలా, బిల్లు గురించి మాట్లాడాలా? చాలామంది చిన్న పార్టీల వాళ్లు రైలునే ఎంచుకుంటారు, వాళ్లను తప్పు పట్టలేం.

ప్రేమచంద్రన్ చేసింది వేరు. ఆయన లా చదువుకున్న మనిషి. సంఖ్య ఇవ్వని టైమ్‌ని రూల్స్ నుంచి తీసుకున్నారు. నాకు ఆయన మీద ఇంత గౌరవం ఉండటానికి కారణం ఇదే. ప్రభుత్వం ఆర్డినెన్స్, అంటే సభ జరగనప్పుడు తెచ్చే తాత్కాలిక చట్టం, తెచ్చి తర్వాత దాని స్థానంలో బిల్లు పెట్టిందనుకోండి. రాజ్యాంగంలోని 123వ అధికరణం ప్రకారం ఆ ఆర్డినెన్స్‌ను తిరస్కరిస్తూ తీర్మానం పెట్టే వీలుంది. నోటీసు ఏ సభ్యుడైనా ఇవ్వొచ్చు, వెనక ఎంతమంది ఉన్నారని ఎవరూ అడగరు. మామూలుగా ఆ తీర్మానాన్నీ బిల్లునీ కలిపి చర్చిస్తారు. తీర్మానం పెట్టినవాడు ముందే మాట్లాడతాడు, చివర్లో జవాబిచ్చే హక్కు కూడా ఉంటుంది. అంటే చర్చ చివర్లో రెండు నిమిషాలు దొరకాల్సిన మనిషికి చర్చ మొదలుపెట్టే అవకాశం వస్తుంది! అలాగే బిల్లు ప్రవేశపెట్టే దశలో అభ్యంతరం చెప్పొచ్చు, సభ రూల్స్ ప్రకారం నడవడం లేదని పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తొచ్చు. ఆయన ఇవన్నీ వాడతారు, ఏళ్ల తరబడి వాడుతూనే ఉన్నారు. దీనికోసం ప్రతి బిల్లూ కామాతో సహా చదవాలి, సవరణలు టైమ్‌కి రాసి ఇవ్వాలి, అవి నెగ్గవని తెలిసి కూడా. ఓడిపోయినా ఆ అభ్యంతరం రికార్డులో ఉంటుంది, రేపు ఆ చట్టం కోర్టుకెళ్తే ఎవరో ఒకరు తిరగేసి చూస్తారు.

ఇంత పట్టు ఒక్కరోజులో రాలేదు. 1996లో, 1998లో కొల్లం నుంచి గెలిచారు. 1999లో అప్పటి కూటమి పెద్దన్న సీపీఎం ఆ సీటు తనే తీసేసుకుంది. తర్వాత రాజ్యసభ, 2006 నుంచి 2011 వరకు కేరళలో జలవనరుల మంత్రి. 2014లో మళ్లీ ఆ కొల్లం సీటు దగ్గరే గొడవ వచ్చి ఆర్‌ఎస్‌పీ రాత్రికి రాత్రే ఎల్‌డీఎఫ్, అంటే సీపీఎం నడిపే వామపక్ష కూటమి, వదిలి కాంగ్రెస్ కూటమిలోకి వెళ్లింది. నిన్నటిదాకా తిట్టినవాళ్ల పక్కన కూర్చోవడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కానీ సీటు పోతే ఆ పార్టీకి ఢిల్లీలో గొంతే ఉండదు కదా అని కూడా అనిపిస్తుంది. ఆ ఎన్నికలో సీపీఎం పొలిట్‌బ్యూరో సభ్యుడు ఎం.ఎ. బేబీని ఓడించారు. 2019లో, 2024లో మెజారిటీ దాదాపు లక్షన్నర. అదే పార్టీకి 2016, 2021 అసెంబ్లీ ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు.

ఆయన చేసినవన్నీ నాకు నచ్చాయని కాదు. 2019లో మహిళల ప్రవేశం విషయంతో సహా శబరిమల ఆచారాలు పాతపద్ధతిలోనే ఉండాలని ప్రైవేట్ మెంబర్ బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లు, పెట్టారు, పేరులోనే విప్లవం ఉన్న పార్టీ నుంచి అది వస్తుందనుకోలేదు. 2024 ఫిబ్రవరిలో ప్రధానితో కలిసి పార్లమెంట్ క్యాంటీన్‌లో భోంచేశారని సీపీఎం వాళ్లు పెద్ద రచ్చ చేశారు, నాకు మాత్రం అందులో తప్పేమీ కనిపించలేదు.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ఆయన 1960లో పుట్టారు. ఆ కాగితాల కట్ట తర్వాత ఎవరు అందుకుంటారో ఆ పార్టీలో నాకైతే ఎవరూ కనిపించడం లేదు. ఈసారి ఏదైనా బిల్లు క్లాజుల దశకు వచ్చినప్పుడు ఛానెల్ మార్చకుండా ఓ పది నిమిషాలు చూడండి.