రాగి మజిలీలు

సెప్టెంబరు 20 తెల్లవారుజామున నాలుగున్నరకు చిత్తూరులో బండి తీయాలని అనుకున్నాం. నేను, మా ఆయన, రాగి. పోయేది మనాలికి, అక్కడినుంచి అటల్ సొరంగం దాటి సిస్సు అనే ఊరి దాకా. పోను సుమారు 2,700 కిలోమీటర్లు, రాను మళ్లీ అంతే. ఈ మాట బయటపడినప్పటినుంచి వీధిలో ఎవరు కనబడినా అడిగేది ఒకటే: “కుక్కను యాడ ఇడిసిపెట్టి పోతారు టీచరమ్మా?”

ఎక్కడా విడిచిపెట్టడం లేదు. అది కూడా వస్తోంది.

రాగి నాటు కుక్క. 2019 జూన్‌లో, తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరే రోజుల్లో, మా వీధి చివర ఖాళీ మామిడికాయల క్రేటులో దొరికింది. రెండు చేతుల్లో ఇమిడిపోయేంత పిల్ల. ఒళ్లంతా రాగుల రంగు, అందుకే ఆ పేరు. ఇప్పుడు ఏడేళ్లు, 19 కిలోలు. మూడేళ్ల కింద మా అక్క కూతురి పెళ్లికి పోతూ ఒక ఊళ్లో కుక్కల్ని ఉంచుకునే చోట నాలుగు రోజులు పెట్టాం. డబ్బు కట్టాం, దాని దుప్పటీ ఇచ్చాం. తిరిగొచ్చి చూస్తే గిన్నెలో అన్నం ఎండి అట్టకట్టి ఉంది. నాలుగు రోజులూ ముద్ద ముట్టలేదు. ఆ సంగతి ఒక్క ఫోన్ చేసి మాకు చెప్పిన పాపాన పోలేదు వాళ్లు. దాన్ని ఎత్తుకుంటే పక్కటెముకలు వేళ్లకు తగిలాయి. ఆ రోజే అనుకున్నా, ఇంక దీన్ని వదిలి ఎక్కడికీ పోకూడదని.

రైలు సంగతీ కనుక్కున్నాం. మొదటి తరగతి ఏసీలో ఒక కూపే మొత్తం మనమే తీసుకుంటే కుక్కను పక్కన ఉంచుకోవచ్చు. లేదంటే గార్డు పెట్టెలో ఉండే కుక్కల అరలో వేయాలి. ఆ చీకట్లో, ఆ చప్పుడులో రెండు పగళ్లు రెండు రాత్రులు రాగి ఒంటరిగా ఉండడం నేను ఊహించుకోలేను. కాబట్టి కారే.

ఈ దారి మీద నాకు ఆశ పుట్టించింది మా నాయన. మదనపల్లె టమాటా లోడుతో ఢిల్లీ ఆజాద్‌పూర్ మార్కెట్టుకు లారీ తోలేవాడు. నేను బడిపిల్లగా ఉన్నప్పుడు అట్లాసు ముందు పెట్టుకుని “ఈ రాత్రి నాయన యాడుంటాడు?” అని వేలు పెట్టి చూసేదాన్ని. ఆయన మాత్రం కిలోమీటర్లలో చెప్పేవాడు కాదు, మజిలీల్లో చెప్పేవాడు. “కర్నూలు ఒక మజిలీ, నిర్మల్ ఒక మజిలీ” అని. లోడు కుళ్లకముందు చేరాలి గనక ఆయన మజిలీలు టమాటాను బట్టి ఉండేవి. మావి రాగిని బట్టి. ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, మొదట మ్యాపు తీసి రోజుకు 500 కిలోమీటర్ల చొప్పున భాగించుకుంటూ పోయాను. ఆరు రోజులు వచ్చింది. తర్వాత రాగి రోజు ఎలా నడుస్తుందో ఒక వారం పాటు గంటగంటకూ రాసిపెట్టుకున్నాను. రెండున్నర గంటలకోసారి లేస్తుంది, నీళ్లు తాగుతుంది, వాకిలి దాకా పోయి వాసన చూసి వస్తుంది. పదకొండు నుంచి మూడున్నర దాకా చల్లని బండ మీద నిద్ర. అప్పుడు 500 కొట్టేసి 350 అని రాశాను. నాగపూర్‌లో ఆగే రోజుతో కలిపి ఆరు రోజులు కాస్తా తొమ్మిదయ్యాయి.

మొదటి రోజు పీలేరు, రాయచోటి, కడప, నంద్యాల మీదుగా కర్నూలు. చిత్తూరు నుంచి అక్కడిదాకా ఒకటే రోడ్డు, 40వ నంబరు హైవే. కర్నూల్లో 44 ఎక్కితే హైదరాబాదు, నిర్మల్, ఆదిలాబాదు, నాగపూర్, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా అన్నీ దాని మీదే. నాగపూర్‌లో ఒక రోజు పూర్తిగా ఆగుతాం.

నెల ఎంచుకోవడానికే ఎక్కువ ఆలోచించాం. ఎండాకాలంలో నాగపూర్ దారి కుక్కకు ప్రాణాంతకం. జులై, ఆగస్టుల్లో హిమాచల్‌లో కొండచరియలు. 2023 జులైలో బియాస్ నది కులూ, మనాలి మధ్య రోడ్డును ఎన్ని చోట్ల ఈడ్చుకుపోయిందో టీవీలో చూశాం. అక్టోబరు ఆఖరుకొస్తే పంజాబు, హర్యానాలో వరికొయ్యలు తగలబెట్టే పొగ, ఆపైన దీపావళి టపాకాయలు. టపాకాయ పేలితే రాగి మంచం కింద దూరి రెండు రోజులు బయటికి రాదు. నవంబరులో మనవైపు తుపానులు. వీటన్నిటి మధ్యా మిగిలింది సెప్టెంబరు చివర, అక్టోబరు మొదలు. తమిళుల పెరటాసి నెల కాబట్టి తమిళనాడు నుంచి గోవిందా గోవిందా అంటూ రోడ్డు పక్కన నడిచి వచ్చే భక్తులు ఉంటారు. చీకట్లో బయల్దేరుతున్నాం గనక ఊరు దాటేదాకా మెల్లగా పోవాలని మా ఆయనకు ఇప్పటికే రెండుసార్లు చెప్పాను.

అన్నిటికన్నా నాకు భయం ఎండ. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, కుక్కకు అలా పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. బయట 30 డిగ్రీలు ఉన్నప్పుడు అద్దాలు మూసిన కారు ఎండలో నిలబెడితే పది నిమిషాల్లో లోపల 40 అవుతుంది, అరగంటలో 48 దాకా పోతుంది. అద్దం వేలెడు దించి పెడితే చాలనుకుంటారు చాలామంది. చాలదు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38న్నర, 39. అది 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే మా ఇద్దరికీ ఒక ఒప్పందం: రాగి ఒంటరిగా కారులో ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. ఒకరు తింటుంటే ఒకరు దాని దగ్గర. ఒకరు గుళ్లోకి పోతే ఒకరు చెట్టు కింద. పోయిన నెల కాణిపాకంలో ఇలాగే చేసి చూశాం. ఆయన దర్శనం చేసుకుని వచ్చేదాకా నేను, నేను వచ్చేదాకా ఆయన. గంటన్నర ఎక్కువ పట్టింది. పట్టనీ.

కొండదారి అలవాటు చేద్దామని హార్స్‌లీ హిల్స్‌కు తీసుకుపోయాం. మూడో మలుపు దగ్గర రాగి పెదవులు నాక్కోవడం మొదలుపెట్టింది. నాకు అర్థం కాలేదు. తర్వాత ఆవలింతలు, ఒకదాని వెంట ఒకటి. దవడ కింద జొల్లు తీగలా సాగి సీటు మీద పడింది. ముందు కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, తల కిందికి దించి, పొట్ట అదిరినట్టు అదిరి, పొద్దున తిన్న సంగటి మొత్తం కక్కేసింది. కక్కాక నా వైపు చూసింది, తప్పు చేసిన పిల్ల చూసినట్టు. తప్పు నాది. పొద్దున ఏడింటికి కడుపు నిండా పెట్టి ఎనిమిదింటికి బండి ఎక్కించాను. ఇప్పుడు పెద్ద తిండి రాత్రే పెడుతున్నాం. పొద్దున డాక్టరు రాసిచ్చిన మాత్ర, దానితోపాటు చిన్న ముద్ద, రెండు గంటలు ఆగి ప్రయాణం. రెండోసారి హార్స్‌లీ కొండ ఎక్కినప్పుడు పెదవులు నాకింది కానీ కక్కలేదు. మూడోసారి పైదాకా నిద్రపోయింది.

మాది ఎర్టిగా. వెనక రెండు వరుసలూ మడిచి బల్లపరుపుగా చేసి, దాని మీద పాత బొంత వేశాం. ఛాతీకి వేసే బెల్టును సీటు బెల్టు కొక్కేనికి తగిలిస్తాం. మెడపట్టీకి మాత్రం ఎప్పుడూ కట్టకూడదు, గట్టిగా బ్రేకు పడితే మెడ విరుగుతుంది.

తిండి గురించి ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. రెండేళ్ల కింద బంధువులు తిరుమల నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. వాళ్ల చిన్నపిల్ల ప్రేమకొద్దీ సగం లడ్డు రాగికి పెట్టేసింది. లడ్డులో ఎండుద్రాక్ష ఉంటుంది కదా. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయని, ఎంత తింటే ప్రమాదమో ముందే చెప్పలేమని మా డాక్టరు ఇంతకుముందే చెప్పి ఉన్నాడు. రాత్రి తొమ్మిదింటికి పరుగు. ఇంజెక్షన్ చేసి కక్కించాడు. నేను టార్చి పట్టుకుని నిలబడి, ఆ కక్కులో ఉబ్బిన ఎండుద్రాక్షలు నాలుగు లెక్కపెట్టాను. రెండు రోజులు రక్తపరీక్షలు చేశారు, దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణం కావచ్చని పశువైద్యులు ఇప్పుడు అంటున్నారు. ఆ ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంది. మన ఇళ్లలో కుక్కకు పులుసన్నం, సాంబారన్నం కలిపి పెట్టడం ఎంత మామూలో తెలుసుగా? దయచేసి మానేయండి. ఉల్లి, తెల్లగడ్డ కూడా మంచివి కావు, రక్తం తగ్గిపోతుంది. అందుకే దారిలో హోటలు తిండి రాగికి లేదు. పన్నెండు కిలోల రాగిపిండి, చిన్న కరెంటు కుక్కర్ వెంట వస్తున్నాయి. సంగటి, ఉప్పు లేకుండా ఉడికించిన కోడి, అంతే. మొదటి మూడు రోజులకు ఇంటి నీళ్లు క్యాన్లలో తీసుకుపోతాం, తర్వాత కొత్త నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ అలవాటు చేస్తాం.

తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పోయి గుండె, రక్తం చూపించాం. 1955 నుంచి ఉన్న కాలేజీ అది. ఆవులు, మేకలు, ఒక చిలక, వాటి మధ్య మా రాగి. గోమార్ల జ్వరం లేదని తేలింది. గోమార్ల మందు బయల్దేరే వారం ముందు వేయాలి. రేబిస్ టీకా ఏడాది లోపలిదై ఉండాలి, ఆ కార్డు అసలు ఒకటి, జిరాక్సులు నాలుగు.

బస దగ్గర మాత్రం మనసు నొచ్చుకుంది. కుక్కలకు అభ్యంతరం లేదని రాసుకున్న ఒక లాడ్జికి ఫోన్ చేస్తే ఏ జాతి అని అడిగారు. నాటు కుక్క అన్నాను. “లాబ్రడార్ అయితే పర్వాలేదు మేడమ్, వీధికుక్కలు వద్దు” అని పెట్టేశారు. వీధిలో పుట్టడం దాని తప్పా? ఏడేళ్లుగా మా ఇంట్లో ఒక్క చెప్పు కొరకలేదు అది. అప్పటినుంచి బుక్ చేయకముందే నేనే మాట్లాడి, రాగి ఫోటో పంపి, సరేనని రాతలో తీసుకుంటున్నాను.

నాటు కుక్క కావడం వల్ల ఢిల్లీ దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. 2025 ఆగస్టు 11న అక్కడి వీధికుక్కలను షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు చెప్పింది, 22న దాన్ని సవరించి టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ లేని, మీదపడి కరవని వాటిని పట్టిన చోటే వదలమంది. తప్పిపోతే రాగిని చూసి ఇంటి కుక్క అని ఎవరు అనుకుంటారు? మెడపట్టీ మీద మా ఇద్దరి నంబర్లు కుట్టించాను, చర్మం కింద చిప్ కూడా వేయించాం. ఢిల్లీ ఊళ్లోకి పోకుండా పల్వల్ దగ్గర తూర్పు పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, 135 కిలోమీటర్లు చుట్టి కుండ్లీ దగ్గర మళ్లీ 44లో పడతాం. ఆజాద్‌పూర్ మార్కెట్టు మాత్రం వచ్చేటప్పుడు నేనొక్కదాన్నే ఒక పూట మెట్రోలో పోయి చూసి వస్తాను.

నాగపూర్ దాటాక పెంచ్ అడవిలో రోడ్డును స్తంభాల మీద ఎత్తి కట్టారు, కింద పులులు, జింకలు దాటుకోవడానికి. అక్కడ రాగిని దించేది లేదు. మనాలి వైపు రాత్రులు చిరుతలు ఊళ్లలోకి వచ్చి కుక్కలనే ఎత్తుకుపోతాయి. గొర్రెలు కాసే గద్దీలు తమ కుక్కల మెడలకు ముళ్ల ఇనుప పట్టీలు వేసేది అందుకే. అలిపిరి మెట్లదారిలో చిరుతల సంగతి తెలిసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చీకటి పడ్డాక రాగి గదిలోనే. మనాలిలో రెండు రాత్రులు ఉండి, ఎత్తుకు అలవాటు పడిందనుకుంటేనే సొరంగం దాటుతాం. 9.02 కిలోమీటర్ల సొరంగం, 3,100 మీటర్ల ఎత్తు. రొప్పు ఎక్కువైనా, తిండి మానినా అక్కడినుంచే వెనక్కి. ఇంకా ఎత్తున ఉండే కాజా అనే ఊరికి పోదామని మా ఆయనకు ఉండేది, దాని వయసుకు ఆ ఎత్తు వద్దని మానుకున్నాం.

నిన్న నిర్మల్‌లో ఒక చిన్న లాడ్జి ఆయనతో మాట్లాడాను. కుక్క ఉందని చెప్పగానే జాతి అడగలేదు, పేరేందమ్మా అని అడిగాడు. చెప్పాను. కింది అంతస్తులో వెనక గది ఇస్తాను, తలుపు తీస్తే వేపచెట్టు, మట్టినేల అన్నాడు. రెండో మజిలీ కుదిరింది. సాగర్, గ్వాలియర్ ఇంకా వెతకాలి.