తట్టిన రొట్టె

జహీరాబాద్ ప్రాంతంలో పాత పంటల జాతర చూసి వచ్చాను. ఎడ్లబండ్ల నిండా విత్తనాల బుట్టలు: కొర్రలు, సామలు, పచ్చజొన్నలు. ఊళ్లో ఒక అమ్మ ఇంటికి పిలిచి జొన్న రొట్టె పెట్టింది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. అందుకే వేడినీళ్లు పోసి కలిపి, అరచేత్తో తట్టాలి. ఆమె తడుతుంటే రొట్టె తనంతట తానే తిరుగుతోంది. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు పూసింది.

పుంటికూర పప్పుతో రెండు తిన్నాను. నాన్న గుర్తొచ్చారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మా ఇంట్లో రొట్టె తగ్గిపోయిందని చెప్పేవారు. ఆ బియ్యం ఎందరి కడుపో నింపింది, కాదనను. కానీ మా చేలలో జొన్న కూడా పోయింది. ఇప్పుడు ఆయనకు షుగర్, డాక్టరు మళ్లీ రొట్టె తినమంటున్నారు.

వస్తుంటే ఆ అమ్మ గుప్పెడు పచ్చజొన్న విత్తనాలు కొంగులోంచి తీసి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. "పండాక ఇంకొకరికి ఇయ్యి బిడ్డా" అంది.