పొయ్యి సెగ కాదది

మాది ఆత్రేయపురం. 20 ఏళ్లుగా పూతరేకులు తీస్తున్నాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పైన బియ్యపు జావలో ముంచిన గుడ్డ. ఒక్క లాగు లాగితే రేకు కాగితంలా లేస్తుంది. రోజంతా ఆ సెగ ముందు కూర్చునేదాన్ని, చెమటను ఎందుకు పట్టించుకుంటాను?

46వ ఏట ఆ చెమట తీరు మారింది. గుండెల మీద వేడిగా మొదలై మెడ మీదుగా చెవులదాకా ఎగబాకేది. రెండు మూడు నిమిషాలకు అది దిగి వెన్నులో చలి పుట్టేది. ఈలోగా కుండ మీద రేకు మాడేది. పొయ్యి వేడేలే అనుకున్నాను. సంక్రాంతి చలిలో అర్ధరాత్రి జాకెట్టు తడిసిపోయి లేచి కూర్చున్నప్పుడు భయం వేసింది. పొయ్యి సాయంత్రమే ఆరిపోయింది కదా!

అసలు అంతకు ఏడాది ముందు నుంచే నెలసరి తప్పుతోంది. ఒకసారి 20 రోజులకే, ఇంకోసారి 50 రోజులకు. వస్తే ఎనిమిది రోజులు ఆగేది కాదు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, పిల్లల మీద ఊరికే కసురుకోవడం. అన్నీ పని టెన్షనే అనుకున్నాను.

"గర్భసంచి తీయించేసుకో అక్కా, పీడా పోతుంది" అంది తోటికోడలు. మా వైపు అలా తీయించుకున్నవాళ్లు ఇంటికొకరుంటారు. మొదట చూపించుకున్న డాక్టరూ స్కానింగ్ లేకుండానే ఆపరేషన్ అన్నారు. ఆ మాటకు నేను ఒప్పేసుకున్నాను కూడా. చెల్లెలు ఊరుకోక రాజమండ్రి తీసుకెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ ముందు నెలసరి తేదీలు అడిగారు. స్కానింగ్, థైరాయిడ్, రక్త పరీక్షలు చేయించారు. గర్భసంచి బాగానే ఉంది, రక్తమే తక్కువ. హిమోగ్లోబిన్ 8.6. "ముట్లుడిగే ముందు వచ్చే మార్పులమ్మా ఇవి, పెరిమెనోపాజ్ అంటాం. ఈస్ట్రోజన్ హెచ్చుతగ్గులవుతుంటే, ఒంటి వేడిని చూసుకునే మెదడు తడబడి ఇలా చెమటలు పట్టిస్తుంది. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ఈ బాధంతా ఒక్కసారే మీద పడుతుంది" అన్నారు. వరసగా 12 నెలలు రాకపోతేనే ఆగినట్టట. ఆ తర్వాత రక్తం ఒక్క చుక్క కనబడినా వెంటనే రమ్మన్నారు.

రక్తస్రావం తగ్గే మందు, ఐరన్ మాత్రలు వాడాను. నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్ 11 దాటింది, మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. ఆవిర్లు ఇంకా వస్తున్నాయి. వచ్చినప్పుడు గుడ్డ చెల్లెలికిచ్చి, గాలి తగిలేలా గుమ్మంలో నిలబడతాను.

తేదీలు గోడ కేలండర్లో రాస్తున్నాను. మొన్న తోటికోడలు దాని పక్కనే తనదొకటి తగిలించింది.