గుడి వరండాలో నల్లబల్ల

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు ఫోన్ చేస్తే ముందు నాకూ అందరికీ వచ్చే ఆలోచనలే వచ్చాయి. గంట, గ్రౌండు, లెక్కల సారు బెత్తం. అవి ఎవరో ఒకరు రాస్తారు, నాకంటే బాగా రాస్తారు. నేను మన బడి గుడి, అంటే చర్చి, వరండాలో గోడకి ఆనించి ఉండే నల్లబల్ల గురించి రాస్తాను. క్లాసులో అరిగిపోయి, ఒక మూల పెచ్చు ఊడితే తెచ్చి గుడికి పెట్టిన బల్ల అది. నేను 1984లో ఆరో తరగతిలో చేరి 1989లో టెన్త్ పాసయ్యాను. ఆ ఐదేళ్ళూ అది అక్కడే ఉంది. గుడిలోకి ఎప్పుడూ రాని మన మిత్రులు కూడా భోజనాల గంట కొట్టగానే దాని ముందు నుంచే పరిగెత్తేవాళ్ళు.

దాని మీద వాక్యాలు రాసేవాళ్ళు కాదు. ఊళ్ళ పేర్లు రాసేవాళ్ళు. ప్రపంచంలో ఎక్కడ పెద్ద ఘోరం జరిగినా ఆ చోటు పేరు, దేశం పేరు, తేదీ. అంతే. చనిపోయినవాళ్ళ సంఖ్య మాత్రం అయ్యగారు, అంటే మా గుడి పాస్టరుగారు, రాయనిచ్చేవారు కాదు. "రేపటికి మారిపోయే లెక్క అదిరా, ఊరు మారదు" అనేవారు. ఆదివారం ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన వచ్చేసరికి ఒక కుర్రాడు వరండాలోకి వెళ్ళి ఆ పేర్లన్నీ పైనుంచి కిందికి గట్టిగా చదవాలి. లోపల అందరం నిలబడి వినాలి. చదవడం అయ్యాక ఒక నిమిషం గుడంతా నిశ్శబ్దం. ఆ తర్వాతే ప్రార్థన.

పిల్లలకి నిమిషం అంటే ఎంతసేపో మీకు చెప్పక్కర్లేదు. ఎవడో దగ్గేవాడు, ఎవడో నవ్వాపుకోలేక ముక్కుతో శబ్దం చేసేవాడు. ఒకసారి అయ్యగారు బైబిల్లో కష్టాల పాలైన యోబు స్నేహితుల సంగతి చెప్పారు. వాళ్ళు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. "అక్కడిదాకా బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడిపోయారు" అన్నారు. గుడంతా నవ్వింది. ఆ వారం నుంచి మాత్రం దగ్గులు తగ్గాయి.

ఇంకో నియమం ఉండేది. రాసిన పేరు ఏడాది తిరిగేదాకా తుడవకూడదు. పేపర్లో ఆ వార్త లోపలి పేజీలకి వెళ్ళిపోయినా, అసలే రాకుండా పోయినా సరే.

నాకు బాగా గుర్తున్న మొదటి పేరు మెక్సికో. 1985 సెప్టెంబర్ 19న పొద్దున్నే వచ్చిన భూకంపం. ఆసుపత్రులు కూలాయి. వాటి శిథిలాల కింద నుంచి పురిటి పిల్లల్ని రోజుల తర్వాత ప్రాణాలతో బయటికి తీశారు. ఆ వార్త మైకులో చదివినప్పుడు చప్పట్లు కొట్టాం. దేవుడు మా ప్రార్థన విన్నాడని గట్టిగా నమ్మాం, ఏడో తరగతి నమ్మకం.

రెండు నెలలు తిరక్కుండా అర్మెరో వచ్చింది. కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అనే అగ్నిపర్వతం నవంబర్ 13 రాత్రి పేలింది. కొండ మీది మంచు కరిగి, బురద వరదై కిందికొచ్చి ఊరిని పూడ్చేసింది. 20 వేల మందికి పైగా పోయారు. ఏ చోట్లకి ముప్పు ఉందో చూపించే పటాన్ని శాస్త్రవేత్తలు అక్టోబర్లోనే తయారుచేశారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అప్పుడు మాకు తెలిసింది ఒక ఫొటో మాత్రమే. ఇంగ్లీషు సారు ఏదో పత్రికలోంచి కత్తిరించి బల్ల పక్కన అతికించారు. మెడదాకా నీళ్ళలో ఉన్న అమ్మాయి. పేరు ఒమైరా సాంచెజ్, వయసు 13. మాకంటే ఒక్క ఏడాది పెద్ద. కూలిన ఇంటి శిథిలాల్లో కాళ్ళు ఇరుక్కుపోయి మూడు రోజులు అలాగే ఉంది, బయటికి తీయలేకపోయారు. ఆ పిల్ల కళ్ళు నల్లగా, ఫొటో తీస్తున్నవాడి వైపే చూస్తుంటాయి. నేను భోజనానికి వెళ్ళేటప్పుడు ఆ వైపు చూడకుండా వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

మెక్సికో పిల్లల విషయంలో విన్న దేవుడు ఈ పిల్ల విషయంలో ఎందుకు వినలేదు అని మా క్లాసువాడు ఒకడు అడగనే అడిగాడు, అదీ ఆరాధన మధ్యలో. వార్డెన్ గారు వాడి వైపు ఉరిమి చూశారు. అయ్యగారు మాత్రం వాడిని కూర్చోమనలేదు. నిలబడే ఉండమని, 88వ కీర్తన తీసి చదివారు. అందరూ ఏడ్చి మొరపెట్టి చివర్లో స్తుతితో ముగించే కీర్తన కాదది. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. ఆయనా అక్కడే ఆగిపోయారు. ప్రసంగం లేదు. కానుక పట్టారు, ఆశీర్వాదం ఇచ్చారు, ఇళ్ళకీ హాస్టల్‌కీ వెళ్ళిపోయాం. జవాబు తెలియదు అని ఒక పెద్దాయన గుడిలో ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు.

అందరూ అలా ఉండరు. తర్వాతి ఏడాది మొదట్లో ప్రత్యేక కూడికలకి బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చారు. గొంతు బ్రహ్మాండం. మెక్సికో అయినా కొలంబియా అయినా అక్కడి జనం పాపాలకి వచ్చిన శిక్షే అని గంటసేపు చెప్పారు. మేం భయపడి చాలామందిమి చేతులెత్తాం కూడా. మర్నాడు పొద్దున ప్రార్థనలో అయ్యగారు లూకా 13వ అధ్యాయం చదివారు. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చారు. యెరూషలేములో ఉన్నవాళ్ళందరికంటే వాళ్ళు అపరాధులనుకుంటున్నారా అని ప్రభువు అడిగి, కారు అని తనే చెప్పాడు. మీ సంగతి మీరు చూసుకోండి అన్నాడు. అయ్యగారు పుస్తకం మూసి, "కారు అన్నాడు, విన్నారుగా" అని ఊరుకున్నారు. వచ్చినాయన పేరు కూడా ఎత్తలేదు.

ఈ గొడవ కొత్తదేం కాదని తర్వాత తెలిసింది. 1755 నవంబర్ 1న, సర్వ పరిశుద్ధుల పండగ పొద్దున, జనం గుళ్ళలో ఉండగా పోర్చుగల్ రాజధాని లిస్బన్ భూకంపానికి కూలింది. వెలిగించిన కొవ్వొత్తులే నిప్పంటించాయి. మలగ్రీదా అనే ఫాదర్ ఇది భూమి కదలడం వల్ల కాదు, మీ పాపాల వల్ల అని చిన్న పుస్తకమే అచ్చు వేశాడు. అవతల మంత్రి పొంబాల్ శవాల్నీ ఆకలినీ చూసుకునే పనిలో ఉన్నాడు. ఆ మంత్రి మంచివాడేం కాదు, ఆ ఫాదర్‌ని వెళ్ళగొట్టింది అతనే. ఐనా ఆ వారం ఊరికి ఎవరు పనికొచ్చారంటే చెప్పడానికి నాకు ఇబ్బంది లేదు.

ఎనిమిదో తరగతిలో బల్ల మీద రాసే పని నాకు వచ్చింది. చేతిరాత బాగుంటుందని. సుద్దముక్కని తడిపి రాస్తే అక్షరం ఆరాక తెల్లగా దిట్టంగా నిలుస్తుందని నాకంటే ముందు రాసిన అన్న నేర్పాడు. వానాకాలం జల్లు కొట్టి సగం పోయేవి, మళ్ళీ దిద్దేవాడిని. కానుకలు లెక్కపెట్టడానికి కూడా నన్నే కూర్చోబెట్టేవారు. బల్ల మీద కొత్త పేరు పడ్డ వారం విడిగా ఒక సంచి తిప్పేవారు. అందులో పడింది పడినట్టు పై ఆఫీసుకి, అక్కడి నుంచి ఆ దేశం సంఘాలకి వెళ్ళేది. పాత బట్టలు, మందులు తెస్తామంటే అయ్యగారు ఒప్పుకునేవారు కాదు. డబ్బే ఇవ్వండి, వాళ్ళకేం కావాలో వాళ్ళకి తెలుసు అనేవారు. మొండితనం అనుకునేవాళ్ళం. ఆర్మేనియా భూకంపానికి ప్రపంచం పంపిన మందుల మీద తర్వాత వచ్చిన ఒక పరిశీలన చదివాక ఆయన మొండితనం అర్థమైంది. కనీసం 5,000 టన్నుల మందులూ సామానూ వచ్చిపడితే మందుల్లో వెంటనే వాడుకోగలిగినవి 30 శాతమేనట. 20 శాతం పారేయాల్సి వచ్చిందట.

అంతియొకయ సంఘం గురించి ఆయన ఏటా ఒకసారైనా చెప్పేవారు. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం. శిష్యుల్ని మొదట క్రైస్తవులు అని పిలిచింది ఆ ఊళ్ళోనే, 26వ వచనం. కరువు రాబోతోందని విని ఒక్కొక్కరు తమ శక్తికొద్దీ యూదయలోని వాళ్ళకి పంపాలని అనుకున్నది 29వ వచనం. "పేరుకీ చందాకీ మధ్య రెండే వచనాలు ఖాళీ" అనేవారు. ఆయన ప్రసంగాల్లో నాకు ఇప్పటికీ నోటికొచ్చేది ఇదొక్కటే.

ఇక నా తప్పు సంగతి. టెన్త్‌లో ఉండగా, 1988 ఆగస్టు, సెప్టెంబర్లలో బంగ్లాదేశ్ వరదల్లో మునిగింది. దేశంలో దాదాపు 60 శాతం నేల నీళ్ళ కింద ఉంది. పేరు రాశాను. ఆ ఆదివారం ప్రార్థన చేసిన పెద్ద క్లాసు కుర్రాడు "అక్కడి నీ బిడ్డల్ని, విశ్వాసుల్ని కాపాడు ప్రభువా" అన్నాడు. ఆమెన్ అన్నాం. అయ్యగారు అనలేదు. "ఏడ్చువారితో ఏడువుడి అని ఉందిరా. ఏడ్చు విశ్వాసులతో అని లేదు. మళ్ళీ చెయ్యి" అన్నారు. వాడు చెవులు ఎర్రబడి మళ్ళీ చేశాడు.

అదే ఏడాది డిసెంబర్ 7న ఆర్మేనియాలో భూకంపం. స్పితాక్ అనే పట్నం నేలమట్టమైంది. 25 వేలమంది దాకా పోయారు. నాలుగో శతాబ్దం మొదట్లోనే, అన్ని దేశాలకంటే ముందు క్రైస్తవ మతాన్ని తీసుకున్న దేశం అదని మాకు చెప్పారు. క్రిస్మస్ నెల, పైగా మనవాళ్ళు. బల్ల నిండిపోయి ఉంది. నేను ఏమీ ఆలోచించకుండా తడిగుడ్డ తీసుకుని బంగ్లాదేశ్ తుడిచేసి, అక్కడ స్పితాక్ అని రాశాను. అందంగా రాశాను కూడా, కింద గీత గీసి.

సాయంత్రం అయ్యగారు వరండాలో నిలబడి పిలిచారు.

"బంగ్లాదేశ్‌లో నీళ్ళు తీశాయా?"

"తెలీదయ్యగారూ."

"మరి తుడిచావేం?"

నేను మాట్లాడలేదు. తడిగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. ఆయన తిట్టలేదు. సుద్దముక్క తీసుకుని, బల్ల చెక్క అంచు మీద, పలక కాని చోట, చిన్న అక్షరాలతో తనే బంగ్లాదేశ్ అని రాశారు.

ఆ ఆదివారం సంచి లెక్కపెట్టాం. సెప్టెంబర్లో పడినదానికి రెండింతలు దాటింది. ఎవరం ఏమీ అనలేదు, కానీ ఆ రెండు అంకెలూ లెక్కల పుస్తకంలో ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అయ్యగారు చాలాసేపు ఆ పేజీ చూసి సంతకం పెట్టారు. ఆయన ఆరాధనలో ఈ మాట ఎత్తుతారేమో అని నెలంతా టెన్షన్ పడ్డాను. ఎత్తలేదు.

బడి వదిలాక ఒక్కసారే ఆ గుడిలో ఆదివారం గడిపాను. 1994 జూన్ చివర్లో సర్టిఫికెట్ పని మీద వెళ్ళాను. బల్ల మీద రువాండా అని ఉంది. ఏప్రిల్ 7న మొదలైన చంపుడు ఇంకా ఆగలేదు, జూలైలో ఆగేసరికి దాదాపు 8 లక్షల మంది పోయారు. ఎక్కువమంది క్రైస్తవులున్న దేశం. శరణు కోరి గుళ్ళలో దూరినవాళ్ళని ఆ గుళ్ళలోనే చంపారు. న్యమాటాలో, న్టరామాలో ఆ గుళ్ళు ఇప్పుడు స్మారకాలు. నిమిషం నిశ్శబ్దం అయ్యాక అయ్యగారు వాళ్ళని క్షమించు అంటారనుకున్నాను. "మమ్మల్ని క్షమించు" అన్నారు, ఆ రెండు మాటలే మళ్ళీ అని కూర్చున్నారు. అప్పటికే ఆయన చెయ్యి కొద్దిగా వణుకుతోంది. బయటికొచ్చాక ఒక సంఘపెద్దకి కోపం వచ్చింది. "ఇందులో మనమేం చేశామయ్యగారూ?" అన్నారు. "చంపినవాళ్ళు ఆదివారం ఎక్కడుండేవాళ్ళంటారు?" అని ఆయన చెప్పులు వేసుకున్నారు. 2017లో పోప్ ఫ్రాన్సిస్ రువాండా విషయంలో సంఘం పాపాలకి క్షమాపణ వేడుకున్నారని చదివినప్పుడు నాకు ఆ చెప్పులే గుర్తొచ్చాయి.

ఇప్పుడు నేను వెళ్ళే సంఘంలో ప్రార్థన మనవులు ఫోన్ గ్రూపులో వస్తాయి. చేతులు జోడించిన బొమ్మ ఒకటి నొక్కుతాను, పైకి జరుపుతాను. తప్పని అనను, నేనూ అదే చేస్తాను. కానీ ఆ బొమ్మకి నిమిషం పట్టదు.

ఈ వ్యాసం మొదలుపెట్టేటప్పుడు బల్ల మీది పేర్లన్నీ వరసగా రాసుకుందామని కాగితం తీసుకున్నాను. మెక్సికో, అర్మెరో, 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్. దాని తర్వాత ఒక పేరు ఉంది. దాని చోటు గుర్తుంది, పెచ్చు ఊడిన మూలకి కాస్త పైన. పేరు రాలేదు. మన బ్యాచ్‌లో ముగ్గురికి ఫోన్ చేశాను. ఇద్దరికి బల్లే గుర్తులేదు. మూడోవాడు చాలాసేపు ఆలోచించి "ఏదో సరస్సురా, రాత్రి పూట" అన్నాడు. వెతికితే దొరికింది. న్యోస్, కామెరూన్, 1986 ఆగస్టు 21. సరస్సు అడుగు నుంచి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పైకి పొంగి, చుట్టుపక్కల ఊళ్ళ మీద పరుచుకుని, 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. చాలామంది నిద్రలోనే పోయారు.

నాకు సుద్దముక్క చేతికిచ్చాక నేను రాసిన మొదటి పేరు అది.