చీపురుకు అందని సూదులు

పాత ఇంట్లో ఒకప్పుడు ఎవరెలా బతికారో తెలుసుకునే పురావస్తు తవ్వకం మాది. ఈరోజంతా జల్లెడ దగ్గరే. చెక్కనేల పలకలు లేపితే కింద వేలెడు మందాన దుమ్ము. గదిని దారంతో 50 సెం.మీ. గడులుగా కట్టి, ఒక్కో గడి దుమ్మును విడిగా సంచికెత్తి, ముందు 5 మి.మీ., తరవాత 1 మి.మీ. జల్లెడ పట్టాలి. తొందరపడి రెండు గడుల మన్ను కలిపేస్తే ఏది ఎక్కడ పడిందో ఇక తెలియదు.

ఊడ్చినప్పుడు పెద్ద ముక్కలు పెరటి గుంటలోకి పోతాయి. పగిలిన పళ్ళెం పారేసిన చోట దొరుకుతుంది, అందులో ఎక్కడ కూర్చుని తిన్నారో చెప్పదు. గుండుసూది, పూస, పెన్సిల్ ముక్కు మాత్రం జారిన చోటే పలక సందులోకి దిగిపోతాయి. కిటికీ పక్క రెండు గడుల్లో పదకొండు సూదులు వచ్చాయి. వాటితోపాటు నాలుగు కన్నాల గుండీ ఒకటి, తెగిన దారం ఇంకా రెండు కన్నాల్లో ఇరుక్కునే ఉంది. మిగతా గదంతటికీ సూదులు రెండే. వెలుతురు కోసం ఎవరో అక్కడే కూర్చుని కుట్టేవారన్నమాట. ఇలాంటి పనిని ఎవరూ ఎక్కడా రాసిపెట్టరు, అందుకే ఈ దుమ్మంటే అంత ప్రాణం.

గుడ్డపీలికల్ని మాత్రం అంత తేలిగ్గా నమ్మకూడదు. సిడ్నీలో ఒకప్పుడు ఖైదీలను ఉంచిన హైడ్ పార్క్ బరాక్స్ భవనం నేల కింద గుడ్డలు, కాగితాలు బోలెడు దొరికాయి, వాటిలో చాలా వాటిని లాక్కెళ్ళినవి ఎలుకలే. పీలికలు ఒకేచోట కుప్పపడి, అంచులు కొరికి ఉంటే అది ఎలుక గూడు.

ఒక సీసా అడుగు కూడా వచ్చింది. దాని మీద అంచు చిందరగా, కాస్త పక్కకు జరిగిన గుండ్రటి మచ్చ. కరిగిన గాజును పీల్చుకుని కోసి సీసాలు చేసే ఓవెన్స్ యంత్రం వదిలే గుర్తు అది. ఆ యంత్రం 1903 నాటిది కాబట్టి సీసా అంతకన్నా పాతది అయ్యుండదు. ఎంత తరవాత పగిలిందన్నది వేరే లెక్క. సీసాల్ని మళ్ళీ మళ్ళీ నింపుకుని ఏళ్ళ తరబడి వాడతారు.

గడి సంఖ్య చీటీలు పెన్సిల్‌తో రాసినవే, సంచి లోపలొకటి, బయటొకటి. తేమ తగిలితే సిరా పాకిపోతుంది. కాగితపు ముక్కలకు నీళ్ళు తగలనివ్వకుండా మెత్తటి కుంచెతో దులపడమే.

పొయ్యి వైపు నాలుగు గడులు మిగిలాయి. అక్కడంతా బూడిద. పొడిగా జల్లిస్తే మాడిన గింజలు నుగ్గైపోతాయి, నీళ్ళలో కలిపి తేలినవాటిని పల్చటి గుడ్డలోకి వంచి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే చిట్లుతాయి.