జేబులో ప్రవచనం

మంగళవారం. పిన్నిని చూసి చాలా రోజులైందని సెలవు పెట్టాను. భీమిలి ప్రయాణం.

దానికి ముందు, పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డు మీద నడక. ఆ వేళప్పుడు అక్కడికి బండ్లను రానివ్వరు, హారన్ల గోల ఉండదు. ప్రశాంతంగా ఉంటుందని వెళ్ళినందుకు నాకు తగిన శాస్తే జరిగింది. నా వెనకాలే ఒక పెద్దాయన, ఆయన చొక్కా జేబులో ఫోను, అందులో ప్రవచనం. పోనీ ముందుకెళ్తారని నెమ్మదించాను. ఆయనా నెమ్మదించారు. గబగబా నడిస్తే ఎదురుగా ఇంకొకావిడ షేర్ మార్కెట్ కబుర్లు ఊరందరికీ వినిపిస్తూ వస్తోంది.

కురుసుర దగ్గర ఆగిపోయాను. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి. 2002 నుంచి ఇలా ఒడ్డున మ్యూజియంగా ఉంది. చప్పుడైతే శత్రువుకి దొరికిపోయే బతుకు దానిది. అంత గుట్టుగా బతికినదాన్ని తెచ్చి ఈ గోల మధ్యన కూర్చోబెట్టారు, పాపం.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో 900కె బస్సు ఎక్కాను. సముద్రం వైపు కిటికీ సీటే దొరికింది. ఇంతలో వెనక సీట్లో కుర్రాడు రీల్స్ మొదలుపెట్టాడు. నాకు అన్నిటికన్నా పడనిది ఇదే. ఒక్క పాటైనా పూర్తిగా వినిపిస్తే సరిపెట్టుకుంటాను. పల్లవి అందుకునేలోపు తోసేస్తాడు, ఎవడో పగలబడి నవ్వుతాడు, ఆ నవ్వు సగంలో ఉండగానే రొయ్యల వేపుడు.

"బాబూ, ఇయర్‌ఫోన్స్ లేవా?"

"ఉన్నాయాంటీ, ఛార్జింగ్ లేదు" అన్నాడు ఎంతో మర్యాదగా. ఆపలేదు.

రుషికొండ దాటాక, ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ వెనక్కి తిరిగి "ఏటి బాబూ, బుర్ర తినేస్తన్నావు, కట్టీ దాన్ని" అంది. టక్కున కట్టేశాడు. ఆ గొంతు నాకు ఈ జన్మకి రాదు.

మధ్యలో లోను కావాలా మేడమ్ అని ఒక ఫోను. 1909కి చెప్పి, ఇలాంటి కాల్స్ రాకుండా డీఎన్‌డీ పెట్టించుకున్నా ఇవి మాత్రం తప్పట్లేదు.

భీమిలిలో దిగి ముంత మసాలా కొన్నాను. బండి మీది పేమెంట్ డబ్బా "ఇరవై రూపాయలు" అని గట్టిగా అరిచింది. దాని మీద మాత్రం నాకు కోపం రాదు. చేతులు రెండూ మరమరాల్లో, ఉల్లిపాయల్లో ఉన్న మనిషి మాటిమాటికీ ఫోను తీసి చూసుకోలేడు కదా.

పిన్నికి ఈమధ్య చెవుడు ఎక్కువైంది. సందు మొదట్లోకే సీరియల్ ఏడుపు వినిపించింది. టీవీ తగ్గించమని చెప్పాలంటే టీవీకన్నా గట్టిగా అరవాలి. అందుకని ఇద్దరం కూర్చుని అదే చూశాం. కథ బాగానే అర్థమైంది.

తిరుగు బస్సులో ఉండగా ఫోను చేసింది. "ఇల్లు చేరినావేటే?"

"ఇంకా బస్సులోనే ఉన్నాను పిన్నీ."

"ఏటీ?"

మూడోసారి చెప్పేసరికి డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. సిగ్గేసి ఫోను పెట్టేశాను. చేరగానే చేస్తానని మెసేజ్ పంపాను. ఆవిడ మెసేజ్‌లు చదవదని తెలుసు. కాంప్లెక్స్‌లో దిగేలోపు ఇంకో ఏడుసార్లు చేసింది.